బొంబాయి లైను పలకలేదు

“సరోజే పాడు చేసింది సార్” అని యజమాని ముఖం మీదే అనేసి నేను గది బయటికి వచ్చేశాను. అక్కడే ఉన్నాం మనం. ఈ వారమే కొత్తగా చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకోసం నాలుగు ముక్కలు చెప్తాను, మిగతావాళ్లు ఓపిక పట్టండి.

నా పేరు వేదవతి. ఆదోనిలో తిక్కయ్యగారి పత్తి కంపెనీలో టెలెక్స్ మిషన్ దిగిన రోజు నుంచీ, అంటే ఆరేళ్లుగా, దాని ముందు కుర్చీలో కూర్చునేది నేనే. ఇక్కడ నేను అక్షరం కొడితే అదే క్షణంలో బొంబాయి మిల్లు ఆఫీసులో కాగితం మీద అక్షరం పడుతుంది. ఊళ్లో అలాంటి మిషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. “వేదమ్మ లేకుంటే మనకు బొంబాయి లేదు” అని తిక్కయ్యగారు నలుగురిలో అనేవారు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం కూడా అక్కర్లేదు.

మూడు నెలల కిందట ఎమ్మిగనూరు నుంచి సరోజ అనే అమ్మాయిని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. మగ్గం నేసే ఇంటి పిల్ల, ఇరవై రెండేళ్లుంటాయి, రోజూ బస్సులో వచ్చి పోతుంది. నాకు సాయంగా ఉంటుందన్నారు. సాయమట. నెల తిరిగేసరికి నాకంటే వేగంగా కొట్టడం మొదలుపెట్టింది. ఇంట్లో బొరుగులతో ఉగ్గాని చేయించి తెచ్చి ఆఫీసంతా పంచుతుంది. ఉల్లిపాయ ఉంటుందని నేను ముట్టను, అందువల్ల మధ్యాహ్నం పూట నవ్వులన్నీ ఆవలి గదిలో, నేనొక్కదాన్నే ఈ గదిలో. ఇదంతా ఓర్చుకున్నాను. బొంబాయిలో మిషన్ మీద ఉండే మనిషి ఎవరో, ఆరేళ్లలో నేను చూసింది లేదు. కానీ ప్రతి ఉదయం మొదట నన్ను పలకరించి, తర్వాతే పని మొదలుపెట్టే మనిషి. పోయిన శనివారం ఆ మనిషి “ఇవాళ సరోజ రాలేదా?” అని అడిగాడు. కాగితం మీద ఆ పేరు పడుతుంటే నా వేళ్ల కిందే పడుతోంది కదా, చేతులు తీసేసి చూస్తూ కూర్చున్నాను.

మంగళవారం నుంచి మిషన్‌కు రోగం పట్టుకుంది. ఉదయం బాగానే ఉంటుంది. పదకొండు దాటితే బొంబాయి పలకదు. ఇవాళ బుధవారం. సరుకు లెక్క తేలేసరికే పదకొండు దాటింది. సాయంత్రం నాలుగు లోపల బొంబాయి మిల్లుకు ‘సరుకు పంపుతాం’ అని జవాబు పోవాలి, పోకపోతే వాళ్లు గుంటూరు పత్తికి సరేనంటారు. ట్రంకు కాల్ బుక్ చేసి రెండు గంటలైంది, అతీగతీ లేదు. తిక్కయ్యగారు మా ఇద్దరినీ పిలిచి ఒక్కటే అడిగారు, మిషన్‌ను ఎవరు కదిలించారని. సోమవారం ఊడవడానికి టేబుల్ జరిపింది సరోజే. నేను అదే చెప్పాను. ఎవరి చేతివల్ల పాడైందో తేలితే వాళ్లు ఇంక ఈ గది గడప తొక్కేది లేదని ఆయన తేల్చేశారు.

నిజం చెప్తున్నాను, ఆ క్షణానికి నేను అబద్ధమాడానని నాకు తెలియదు. ఆ పిల్లే పాడు చేసిందని మనస్ఫూర్తిగా నమ్మాను. నమ్మడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

రెండున్నరకు టెలిఫోన్ల ఆఫీసు నుంచి లైన్‌మన్ ఉచ్చీరప్ప సైకిలు మీద వచ్చాడు. చైత్రమాసం ఎండ, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది. చెమట తుడుచుకుని, నేనిచ్చిన మజ్జిగ తాగి, ముందు మిషన్ సంగతి అడిగాడు. మోటారు తిరుగుతోంది. లోపల్లోపల కొట్టుకుంటే అక్షరాలు శుభ్రంగా పడుతున్నాయి. నేను ‘ఆదోని, ఆదోని’ అని ఇంగ్లీషులో ఒక వరస కొట్టి చూపించాను కూడా. కానీ లైను అడిగే మీట నొక్కితే పచ్చ దీపం వెలగదు. ఆ దీపం వెలిగితేనే నంబరు తిప్పాలి, నంబరు తిప్పితేనే అవతలి మిషన్ తన పేరు తానే కొట్టి పలుకుతుంది. దీపమే లేకపోతే మనం ఎంత కొట్టినా గోడతో మాట్లాడుకుంటున్నట్టే.

ఉచ్చీరప్ప బయట స్తంభం ఎక్కాడు. దిగి, వాకిలి పక్కన గోడకున్న పెట్టె మూత తీసి, ముల్లు ఊగే చిన్న డబ్బా ఒకటి తగిలించి చూశాడు. ముల్లు చక్కగా లేచింది. లైను గోడదాకా బాగుందని తేల్చేశాడు. “మా పని ఈ గోడకాడికే మేడం. లోపల మిషన్ విప్పల్లంటే కర్నూలు నుంచి మెకానిక్కు రావల్ల. రేపొస్తాడు” అన్నాడు. రేపొచ్చి ఏం లాభం? గోడ గడియారం మూడు కొట్టింది.

ఉచ్చీరప్ప సైకిలెక్కి వెళ్లిపోయాడు. గదిలో నేను, సరోజ మిగిలాం. నేను కుర్చీలో కూర్చుని మీట నొక్కుతున్నాను, వదులుతున్నాను, మళ్లీ నొక్కుతున్నాను. పట్టుదల అనుకోండి, మొండితనం అనుకోండి. పచ్చ దీపం నా వంక కూడా చూడలేదు. సరోజ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఇందాక నా నోటినుంచి వచ్చిన మాట తర్వాత ఆ పిల్ల నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. ఏడుస్తుందేమో చూద్దామనుకున్నాను. ఏడవలేదు. అదీ నాకు కోపమే.

ఉన్నట్టుండి అడిగింది, పొద్దున పూట ఎందుకు పలుకుతోందని. నాకేం తెలుసు, దాన్నే అడుగు అన్నాను. “ఎండెక్కినాకనే పడుకుంటాంది గదక్కా. స్తంభానికి ఎండ పొద్దున గూడా ఉంటాది. ఈ మూలకే పదకొండు దాటినాక వస్తాది ఎండ” అంది. నిజమే, మిషన్ వెనకాల కిటికీ మీది రేకు కిందినుంచి వేడి అప్పటికే కొడుతోంది. ఆరేళ్లుగా ఆ గదిలో ఉన్నదాన్ని నేను. ఆ సంగతి నాకు తట్టలేదు. మూడు నెలల పిల్లకు తట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అంతటితో ఆగిందా? వాకిట్లోకి పోయి గోడ పెట్టె దగ్గర నిలబడి, అక్కడినుంచి తీగను రెండు వేళ్ల మధ్య పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. గోడ వెంట, తలుపు చట్రం మీదుగా, మూలగా, అలమర వెనకనుంచి. ఒక్క జానెడు కూడా వదల్లేదు. ఏం చేస్తున్నావే అని అడిగితే, మగ్గం నేసేటప్పుడు పోగు తెగితే మగ్గం మీద చెయ్యి వెయ్యరట, పోగు మొదలు కనిపెట్టి అక్కడినుంచి వేళ్లతో తడుముకుంటూ వస్తారట, తెగిన చోట వేలికే తెలుస్తుందట. చిన్నప్పుడు వాళ్ల నాయన కళ్లు మూసి చేయించేవాడట. సరే చెయ్యి తల్లీ, నీ మగ్గం విద్య ఇక్కడా చూపించు అన్నాను. నా గొంతులో వెటకారం నాకే వినిపించింది.

తడుముకుంటూ వచ్చి టేబుల్ కింద దూరింది. తీగ చివర నల్లటి ప్లగ్గు ఒకటి ఉంటుంది, గోడ అడుగున బిళ్లలోకి గుచ్చి ఉంటుంది. అది ఊడబీకిన చప్పుడు వినిపించింది. సరోజ టేబుల్ కిందినుంచి బయటికి వచ్చి, బొటనవేలు నా ముందు చాపింది.

వేలంతా నల్లగా ఉంది. జిడ్డు.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. ఇంతవరకు చెప్పలేదు, ఎందుకంటే నాకే అది ఒక సంగతిగా తోచలేదు. ఆదివారం రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. బొంబాయి మనిషి సరోజ గురించి అడిగాడు కదా, అదే తిరుగుతోంది బుర్రలో. ఆ పిల్ల కన్ను నా మిషన్ మీద పడిందని గట్టిగా అనిపించింది. సోమవారం ఊడ్చి టేబుల్ జరిపేటప్పుడు మిషన్‌ను ముందూ వెనకా ఎలా చూసిందో చూశాను. మర్నాడు, మంగళవారం, అందరికంటే ముందు ఆఫీసుకు వచ్చి, ఇంటినుంచి తెచ్చుకున్న కాటుకతో మిషన్‌కు దిష్టి చుక్క పెట్టాను. ముందు పెడితే అందరూ నవ్వుతారు. పసిపిల్లకైతే చెవి వెనక పెడతాం. మిషన్‌కు చెవి వెనక ఏదని వెతికి, ప్లగ్గు ఊడదీసి, దాని రెండు ఇత్తడి పుల్లల మధ్య ఇంత చుక్క పెట్టి మళ్లీ గుచ్చేశాను. ఎవరికీ కనిపించదు, దానికి మాత్రం తెలుస్తుంది అనుకున్నాను. అది ఆముదం కాటుక. పొద్దున గట్టిగా ఉంటుంది, ఎండెక్కితే కరిగి పుల్లల మీదికి జారుతుంది. జిడ్డు పడితే ఇత్తడికి ఇత్తడి తగలదు. రెండు రోజులుగా బొంబాయికి అడ్డం పడింది నా చుక్కే.

ఎదుటివాళ్ల కన్ను పడకూడదని నేను పెట్టాను. అసలు కళ్లలో నిప్పులు పోసుకున్నది ఎవరో ఆ క్షణంలో నాకు అర్థమైంది. తల కొట్టేసినట్టయింది.

సరోజ నా ముఖంలోకి చూస్తూనే ఉంది. అడగాల్సిన పని లేదు, రోజూ నా కంటికి ఉన్న కాటుకే ఆ పిల్ల వేలికి ఉంది. మెల్లగా అంది, “మా మగ్గానికి గూడా మాయమ్మ పెడ్తాదక్కా దిష్టి సుక్క. అయితే దారం పోయే తావు పెట్టదు.”

అంతే. తిట్టలేదు. ఇందాక నేనన్న మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, ఇద్దరం సమానమయ్యేవాళ్లం. ఆ పిల్ల అక్షరాలు తుడిచే స్పిరిట్ సీసా తెచ్చుకుని, పాత గుడ్డతో ప్లగ్గు పుల్లలు తుడిచింది. అగ్గిపుల్లకు గుడ్డ చుట్టి గోడ బిళ్లలో తిప్పింది. రెండుసార్లు, మూడుసార్లు, గుడ్డకు నలుపు అంటడం మానేదాకా. గుచ్చింది. కుర్చీ ఖాళీగానే ఉంది, నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. సరోజ నిలబడే మీట నొక్కింది.

పచ్చ దీపం వెలిగింది. నంబరు తిప్పింది. ఒక్క నిమిషం లోపలే మిషన్ ఒళ్లు జలదరించినట్టు కదిలి, బొంబాయి మిల్లు పేరు టకటకా కొట్టుకుంది. దాని వెనకే పలకరింపు వచ్చింది. ఇప్పటికైనా పలికావా ఆదోనీ, ఎవరు మిషన్ మీద, సరోజేనా?

మళ్లీ అదే పేరు. అప్పటిదాకా నాలో ఉన్న సిగ్గంతా ఎటు పోయిందో పోయింది. “లెయ్, అది నా కుర్చీ” అన్నాను. కూర్చోనైనా లేదు పాపం ఆ పిల్ల. పక్కకు తప్పుకుంది. నేను కూర్చున్నాను. ముందు నా పేరు కొట్టబోయాను.

మిషన్ చప్పుడు ముందు గదిదాకా వినిపించింది కాబోలు, తిక్కయ్యగారు పరుగున వచ్చారు. లావాటి మనిషి, ఆయాసపడుతున్నారు. దీపం చూశారు, కాగితం మీద బొంబాయి పేరు చూశారు, ముఖం విప్పారింది. గడియారం మూడు ముప్పావు. జవాబు తర్వాత, ముందు జబ్బేమిటో చెప్పమన్నారు, మళ్లీ రాకూడదు కదా అన్నారు.

సరోజ నా వైపు చూసింది. చెప్పలేదు. నన్ను చెప్పనిచ్చింది. ఆ చూపులో ‘నువ్వే చెప్పుకో అక్కా, నేను చెప్పను’ అని ఉంది. నన్ను కాపాడాలని చూస్తోంది, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. ఆ దయ నాకు కారం చల్లినట్టు తగిలింది. నోరు తెరిచాను. నిజమే చెబుదామని తెరిచానో ఏమో, ఇప్పటికీ నాకు తెలియదు. వచ్చిన మాట మాత్రం ఇది.

“టేబుల్ కింద ప్లగ్గుకు ఎవరో కాటుక పూసినారు సార్. టేబుల్ జరిపింది ఎవరో మీకు తెలుసు. ఆ పిల్ల చెయ్యి చూడండి.”

ఇందాక అన్నది తెలియక. ఇది తెలిసి.

సరోజ చెయ్యి దాచుకోలేదు. బొటనవేలు ఇంకా నల్లగానే ఉంది. తిక్కయ్యగారు ఆ పిల్ల చేతిలో ఉన్న గుడ్డ తీసుకుని చూశారు, ఏదో అనుమానం వచ్చినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. స్పిరిట్ ఘాటు వెనక పచ్చకర్పూరం వాసన ఉంది, అది నాకూ తెలుస్తోంది. మా అమ్మ అంబాబాయి ఆముదం దీపంలో పట్టిన మసికి పచ్చకర్పూరం కలిపి నూరుతుంది. ఊళ్లో పసిబిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ మా అమ్మ కాటుకే పోతుంది.

“ఇది అంబాబాయమ్మ చేసే కాటుక. మా మనమరాలికి రోజూ పెడ్తారు, నాకు తెలీదా?” అన్నారు. తర్వాత సరోజ వైపు తిరిగారు. “ఇది నీకాడికి ఎట్లొచ్చిందమ్మా?”

చూశారా, నా అబద్ధానికి ఆయనే దారి వేస్తున్నారు. సరోజ దగ్గర ఆ కాటుక ఎందుకుంటుంది, లేదంటుంది, అప్పుడు ఆయన నా వైపు తిరుగుతారు, నా పని అయిపోతుంది. లేదా ఆ పిల్ల తడబడుతుంది, దాని పని అయిపోతుంది. రెండిట్లో ఏది జరుగుతుందా అని చూస్తున్నాను.

రెండూ జరగలేదు. సరోజ గోడకు తగిలించిన తన గుడ్డసంచి తీసింది. అందులో చెయ్యి పెట్టి, రుమాలులో చుట్టినది ఒకటి పైకి తీసి, టేబుల్ మీద, నా చేతుల పక్కనే పెట్టి విప్పింది.

“నాకు గూడా ఇచ్చినాది సార్ ఆయమ్మ. పోయిన గురువారం. తిరిగి ఇచ్చేద్దామని సంచిలోనే పెట్టుకోని తిరుగుతాండా. మూత తీసి సూడండి.”

తిక్కయ్యగారు మూత తీశారు. లోపల కాటుక నున్నగా, అంచుల దాకా నిండుగా ఉంది. ఒక్క వేలి గీత లేదు. ఆ కాటుక ఎవరూ ముట్టలేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆయన దాన్ని చూశారు, సరోజ కళ్లు చూశారు, కాటుక లేని కళ్లు. తర్వాత నా కళ్లలోకి చూశారు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

“లెయ్ వేదమ్మా” అన్నారు. “సరోజా, కూర్చో. నాలుగు కొట్టేలోపల జవాబు కొట్టు.”

లేచాను. ఆరేళ్ల కుర్చీ. సరోజ కూర్చుని, కొంగుకు వేలు తుడుచుకుని, కొట్టడం మొదలుపెట్టింది. టకటకా, తడబాటు లేకుండా. నా ఉద్యోగం పోయిందో ఉందో, ఈ గది గడప మళ్లీ తొక్కుతానో లేదో, అప్పుడు నేను ఆలోచించాల్సింది అదే. ఒట్టు, నాకు అదేదీ తోచలేదు. నా కళ్లు టేబుల్ మీదే ఉన్నాయి.

అది వెండి భరిణ. మూత మీద తామరపువ్వు, ఒక రేకు సొట్టపోయి ఉంటుంది. మా అమ్మమ్మది. నేను పుట్టిన రోజు అమ్మమ్మ అమ్మ చేతిలో పెట్టి, దీన్ని పిల్లకు పెళ్లినాడు ఇవ్వు అందట. ముప్ఫై ఒక్క ఏళ్లుగా అమ్మ పెట్టెలో, పట్టుచీర మడతలో ఉంది. నన్ను చేత్తో ముట్టుకోనివ్వలేదు, ఒక్కసారి కూడా. నాకు రోజూ కాటుక ఇచ్చేది పాత రేకు డబ్బాలో. గురువారం సాయంత్రం నేను మఠానికి వెళ్తాను. నేను లేని గంట చూసుకుని మా ఇంటికి వచ్చింది ఈ పిల్ల. అమ్మ దాన్ని కూర్చోబెట్టింది. పెట్టె తెరిచింది. నా భరిణలో కాటుక నింపి దాని చేతిలో పెట్టింది. ఆరు రోజులు నాతో ఒక్క మాట అనకుండా, రోజూ అన్నం వడ్డించింది.

“ఆ భరిణ నాది” అన్నాను.

సరోజ చేతులు మీటల మీదే ఉన్నాయి. బొంబాయికి జవాబు పోతూనే ఉంది. తల ఎత్తకుండానే చెప్పింది.

“తెల్సక్కా. ఎందుకిచ్చినాదో నన్నడగొద్దు. నీతో మాత్రం చెప్పనని మీ అమ్మకు మాటిచ్చినా.”